పాత మోటారు సైకిలు ఎందుకు ఆగిపోతుంది?

అనంతపురం పీఠభూమిపై సాలుకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షమే కురుస్తుంది. నైరుతి ఋతుపవనాలు పడమటి కనుమలపై తమ నీటిని కురిపించి, ఆవలికి వచ్చేసరికి వట్టి గాలులుగా మిగులుతాయి. ఎర్రనేల, దుమ్ము, వేసవిలో 40 డిగ్రీలు దాటే ఎండ ఈ సీమకు సహజములు. కల్యాణదుర్గం, రాయదుర్గం, ఉరవకొండ ప్రాంతములలో ఊరికీ ఊరికీ నడుమ దూరము ఎక్కువ, నీడ తక్కువ. ఇటువంటి దారిలో మిట్టమధ్యాహ్నం పాత మోటారు సైకిలు ఆగిపోతే కలిగే ఇబ్బంది చిన్నది కాదు. వెనుక కూర్చున్నది జ్వరపడిన బిడ్డ అయితే గంట ఆలస్యమైనా ప్రమాదమే.

ఆగిన బండిని బాగుచేయడానికి రెండు పద్ధతులున్నవి. ఒకటి, ఊహించి ఒక్కొక్క భాగమును మార్చుకుంటూ పోవడం. దీనివలన డబ్బు ఖర్చవుతుంది, లోపము మాత్రం తరచుగా అలాగే ఉండిపోతుంది. రెండవది, విద్యుత్తు నడిచే దారిని తెలుసుకొని, ఆ దారిలో ఎక్కడ తెగినదో ఒక్కొక్క పరీక్షతో నిర్ణయించడం. ఈ రెండవ పద్ధతికి ఉన్నత పాఠశాలలో నేర్చే భౌతికశాస్త్రము చాలును.

పాత బండ్లు

ఇంగ్లండులోని రెడ్డిచ్‌లో పుట్టిన ఎన్‌ఫీల్డ్ బుల్లెట్‌ను మనదేశంలో తయారుచేయడానికి 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడినది. మైసూరులోని ఐడియల్ జావా కర్మాగారము 1960వ దశకంలో జావా బండ్లను, 1973 నుండి యెజ్డీ బండ్లను తయారుచేసి, 1996లో మూతపడినది. ఎస్కార్ట్స్ వారి రాజదూత్ పల్లెదారులలో మరొక పరిచితమైన బండి. ఈ బండ్లలో నిప్పురవ్వను పుట్టించే ఏర్పాటు ఎక్కువగా ‘పాయింట్లు’ అనే చిన్న మీట మీద ఆధారపడినది. తరువాత వచ్చిన బండ్లలో ఆ పనిని ఎలక్ట్రానిక్ సాధనములు చేస్తున్నవి. ఇక్కడ చెప్పబోయే విషయములు బ్యాటరీ, కాయిలు, పాయింట్లు గల పాత బండ్లకు సంబంధించినవి.

నిప్పురవ్వ పుట్టే విధము

పెట్రోలు ఆవిరి, గాలి కలిసిన మిశ్రమమును సిలిండరులో ముషలకము అదుముతుంది. సరియైన క్షణంలో స్పార్కు ప్లగ్గు కొనల మధ్య నిప్పురవ్వ దూకితే మిశ్రమము మండి ముషలకమును క్రిందికి నెట్టుతుంది. ప్లగ్గు కొనల మధ్య సందు సుమారు 0.6 మిల్లీమీటరు. బయటి గాలిలో ఆ సందును దాటడానికి సుమారు 3,000 ఓల్టులు కావలెను. అదిమిన మిశ్రమములో దానికి ఎన్నో రెట్లు కావలెను. పీడనము పెరిగినకొద్దీ రవ్వ దూకడం కష్టమవుతుందని జర్మన్ శాస్త్రజ్ఞుడు పాషెన్ 1889లోనే చూపించినాడు. బండిలో ఉన్నది 6 లేక 12 ఓల్టుల బ్యాటరీ మాత్రమే. ఇంత తక్కువ నుండి అంత ఎక్కువ ఎట్లా వస్తుంది?

దీనికి మూలము 1831లో మైకేల్ ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణము. కాయిలు లోపల ఇనుప కడ్డీ చుట్టూ రెండు తీగచుట్టలుంటాయి. ప్రాథమిక చుట్ట లావైన తీగతో కొన్ని వందల చుట్లు, గౌణ చుట్ట సన్నని తీగతో అనేక వేల చుట్లు. పాయింట్లు మూసుకొని ఉన్నప్పుడు బ్యాటరీ నుండి విద్యుత్తు ప్రాథమిక చుట్టగుండా ప్రవహించి, అయస్కాంత క్షేత్రమును నిర్మిస్తుంది. ఇంజను త్రిప్పే కామ్ పాయింట్లను తెరవగానే ప్రవాహము తెగి, క్షేత్రము ఒక్కసారిగా కూలిపోతుంది. క్షేత్రము ఎంత వేగంగా మారితే అంత ఎక్కువ ఓల్టేజి పుడుతుంది. ప్రాథమిక చుట్టలో రెండు మూడు వందల ఓల్టులు, అంతకు సుమారు నూరురెట్లు చుట్లున్న గౌణ చుట్టలో ఇరవై వేల ఓల్టుల వరకు పుట్టగలవు. కనుక నిప్పురవ్వ పుట్టేది పాయింట్లు మూసుకొన్నప్పుడు కాదు, తెరుచుకొన్నప్పుడు. ఈ ఒక్క విషయము గుర్తుంటే తరువాతి పరీక్షలన్నీ అర్థమవుతాయి.

పాయింట్లు తెరుచుకొనేటప్పుడు ప్రవాహము ఆగడానికి ఇష్టపడక, ఆ సందులోనే మంటవలె దూకబోతుంది. అట్లా దూకితే క్షేత్రము మెల్లగా కూలి, గౌణ చుట్టలో బలము పుట్టదు. దీనిని ఆపడానికే పాయింట్ల ప్రక్కన కండెన్సరు ఉంటుంది. అది ఆ క్షణపు విద్యుత్తును తనలోనికి తీసుకొని, ప్రవాహమును చటుక్కున తెగునట్లు చేస్తుంది.

బుల్లెట్ వంటి చతుర్ఘాత ఇంజనులో రెండు చుట్లకు ఒక రవ్వ చాలును. నిమిషమునకు 3,000 చుట్లు తిరిగితే సెకనుకు 25 రవ్వలు. జావా వంటి ద్విఘాత ఇంజనులో ప్రతి చుట్టుకూ ఒకటి, అనగా సెకనుకు 50. ఆ చిన్న పాయింట్లు ఎందుకు అరుగుతాయో ఈ లెక్కే చెబుతుంది.

మొదటి ప్రశ్న: రవ్వ ఉన్నదా?

ఆగిన ఇంజనుకు పెట్రోలు అందడం లేదా, రవ్వ అందడం లేదా అన్నది ముందుగా తేలవలెను. ప్లగ్గును ఊడదీసి, దాని తీగ తిరిగి తగిలించి, ప్లగ్గు లోహభాగమును ఇంజను లోహమునకు గట్టిగా ఆనించి ఉంచవలెను. ప్లగ్గు రంధ్రము నుండి పెట్రోలు ఆవిరి చిమ్ముతుంది గనుక ప్లగ్గును ఆ రంధ్రమునకు దూరముగా పెట్టవలెను. తాళము వేసి కిక్కు కొడితే, టప్పుమనే చప్పుడుతో నీలిరవ్వ కనబడవలెను. పసుపుపచ్చగా, సన్నగా ఉన్న రవ్వ బలహీనమైనది. బయట బలహీనముగా దూకే రవ్వ, సిలిండరులోని పీడనములో అసలే దూకకపోవచ్చును. ఈ పరీక్ష చేసేటప్పుడు ప్లగ్గు తీగను చేతితో పట్టుకొనరాదు.

ప్లగ్గు రంగు కూడా సాక్ష్యమిస్తుంది. ఇటుకరంగు లేక లేత గోధుమరంగు ఆరోగ్యమునకు గుర్తు. పొడి నల్లమసి ఉంటే పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ అని అర్థము. అనంతపురం దారులలో దీనికి తరచుగా కారణము దుమ్ముతో మూసుకొనిపోయిన గాలి వడపోత. మసి విద్యుద్వాహకము కావడం వలన విద్యుత్తు రవ్వగా దూకక, పింగాణీ పైనున్న మసిగుండా జారిపోతుంది. ఇక్కడ లోపము విద్యుత్తుదివలె కనబడుతుంది, కాని మందు వేయవలసినది గాలి వడపోతకు.

చిన్న బల్బుతో పరీక్ష

రవ్వ లేనప్పుడు ఒక చిన్న బల్బు, రెండు తీగలు చాలును. బల్బు ఓల్టేజి బ్యాటరీ ఓల్టేజికి సరిపడవలెను. ఒక తీగను పాయింట్లకు వచ్చే తీగ బిగింపు దగ్గర, రెండవ దానిని ఇంజను లోహమునకు తగిలించి, తాళము వేసి, ఇంజనును మెల్లగా త్రిప్పవలెను. పాయింట్లు తెరుచుకొన్నప్పుడు విద్యుత్తు బల్బుగుండా పోయి అది వెలుగుతుంది. మూసుకొన్నప్పుడు విద్యుత్తు సులభమైన దారిలో పాయింట్లగుండా పోయి బల్బు ఆరిపోతుంది. అనగా బల్బు వెలుగుతూ ఆరుతూ ఉంటే ప్రాథమిక వలయము బాగున్నది. లోపము కండెన్సరు, కాయిలు గౌణ చుట్ట, ప్లగ్గు తీగ లేక ప్లగ్గులో వెతకవలెను.

బల్బు ఆరకుండా వెలుగుతుంటే పాయింట్లు ముట్టుకొనడం లేదు. వాటి మధ్య దుమ్ము, నూనె చేరినవి, లేదా సందు మరీ పెరిగినది. బల్బు అసలే వెలగకపోతే సాధారణముగా రెండు కారణములు. బ్యాటరీ నుండి కాయిలు మీదుగా విద్యుత్తు రావడం లేదు, లేక పాయింట్ల తీగ ఎక్కడనో లోహమునకు తగిలి ఉన్నది. కండెన్సరు తీగను విప్పగానే బల్బు వెలిగితే దోషము కండెన్సరుదే. బుల్లెట్ హెడ్‌లైటు పైనుండే అమ్మీటరు కూడా ఇదే కథ చెబుతుంది. ఇంజనును మెల్లగా త్రిప్పుతుంటే ముల్లు ఖర్చువైపు వెళ్ళి వెనుకకు రావలెను. కదలకుంటే వలయము తెగినది. వెనుకకు రాకుంటే పాయింట్లు తెరుచుకొనడం లేదు, లేదా తీగ లోహమునకు తగిలినది.

పాయింట్ల సందు సాధారణముగా 0.35 నుండి 0.40 మిల్లీమీటరు. కామ్ మీద రాచుకొనే మడమ అరిగితే సందు తగ్గి, రవ్వ ఆలస్యమవుతుంది. సందు పెంచితే రవ్వ ముందుకు జరుగుతుంది. కనుక సందు సరిచేసిన ప్రతిసారి రవ్వ పడే కాలమును కూడా సరిచూడవలెను. తాళము వేసి ఇంజను నడపకుండా బండిని వదలరాదు. పాయింట్లు మూసుకొని ఉంటే కాయిలు వేడెక్కి చెడిపోతుంది.

ఒక్క ఓము చేసే నష్టము

తుప్పు పట్టిన బిగింపు, రంగుపూత మీద బిగించిన ఎర్తు తీగ చూడడానికి బాగానే ఉంటాయి. వాటి నిరోధము ఒక్క ఓము ఉన్నదనుకొందాము. ప్రాథమిక చుట్ట నిరోధము 1.5 ఓములు ఉన్న 6 ఓల్టుల బండిలో ఓమ్ సూత్రము ప్రకారము 4 ఆంపియర్లు ప్రవహించవలెను. ఆ ఒక్క ఓము చేరితే 6ను 2.5తో భాగించగా 2.4 ఆంపియర్లే మిగులుతుంది. కాయిలులో నిలువయ్యే శక్తి ప్రవాహపు వర్గమునకు అనులోమముగా ఉంటుంది గనుక, అది 36 శాతమునకు పడిపోతుంది. అదే 3 ఓముల చుట్టగల 12 ఓల్టుల బండిలో 4 ఆంపియర్లు 3 అవుతుంది. శక్తి 56 శాతము మిగులుతుంది. పాత 6 ఓల్టుల బండ్లు మొండికేయడానికి ఇది ఒక ముఖ్య కారణము. హెడ్‌లైటు కూడా అంతే. ఓల్టేజి 10 శాతము తగ్గితే వెలుగు సుమారు 30 శాతము తగ్గుతుంది. బిగింపులను విప్పి, లోహము మెరిసేవరకు గీకి, తిరిగి బిగించడం చాలాసార్లు కొత్త కాయిలు కంటె మేలు.

మధ్యాహ్నపు జబ్బు

ఉదయము ఒక్క కిక్కుకు లేచిన బండి ఎండలో పదిహేను, ఇరవై కిలోమీటర్లు పోయి ఆగిపోతుంది. వేపచెట్టు నీడలో అరగంట ఉంచితే మళ్ళీ లేస్తుంది. మెకానిక్కు దగ్గరికి చేరేసరికి చల్లబడి ఉంటుంది గనుక అక్కడ ఏ లోపమూ కనబడదు. దీనికి ఇద్దరు ముద్దాయిలు. మొదటివాడు కండెన్సరు లేక కాయిలు. లోపలి బంధకపు పొర వేడికి చిట్లి విద్యుత్తును జారనిస్తుంది, చల్లబడితే తిరిగి సర్దుకొంటుంది. రెండవవాడు పెట్రోలు ట్యాంకు మూత. దానిలోని సన్నని గాలిరంధ్రము ఎర్రదుమ్ముతో మూసుకొనిపోతే, పెట్రోలు దిగినకొద్దీ ట్యాంకులో పీడనము తగ్గి, ధార ఆగిపోతుంది. కొంతసేపటికి గాలి మెల్లగా చొరబడి ధార మళ్ళీ మొదలవుతుంది.

ఇద్దరిలో దోషి ఎవరో తేల్చడానికి బండి వేడిగా ఉన్నప్పుడే, ఆగిన చోటనే చూడవలెను. ముందుగా ప్లగ్గు తీసి రవ్వ పరీక్ష చేసి, ప్లగ్గును తిరిగి బిగించవలెను. రవ్వ బలముగా ఉంటే ట్యాంకు మూత తెరవవలెను. తెరవగానే గాలి బుస్సుమని లోపలికి పోయి, వెంటనే బండి లేస్తే రంధ్రము శుభ్రము చేస్తే చాలును. రవ్వ లేకుంటే కండెన్సరును అనుమానించవలెను. ఇంజను నడుస్తున్నప్పుడు పాయింట్ల మధ్య పెద్ద తెల్లని రవ్వలు ఎగురుతుంటే అనుమానము బలపడుతుంది. ఇవి తెలిసినవాడు తక్కువ ఖరీదుగల కండెన్సరు ఒకటి పనిముట్ల పెట్టెలో ఉంచుకొంటాడు. నీడలో విశ్రాంతి ఇచ్చిన తరువాత పరీక్షించడం, జ్వరము తగ్గిన తరువాత నాడి చూడడం వంటిది.

బ్యాటరీ, బోరునీరు

సీసపు బ్యాటరీలో ఒక్కొక్క గది సుమారు 2 ఓల్టులు ఇస్తుంది. పూర్తిగా ఛార్జి అయినప్పుడు అందులోని గంధకికామ్ల ద్రావణపు విశిష్ట గురుత్వము సుమారు 1.26 నుండి 1.28. హైడ్రోమీటరుతో దీనిని కొలవవచ్చును. ఎండకు నీరు ఆవిరవుతుంది, ఛార్జి అయ్యేటప్పుడు ఉదజని, ఆమ్లజనులుగా విడిపోతుంది. పోయేది నీరే, ఆమ్లము కాదు. కనుక తిరిగి పోయవలసినది స్వేదన జలము మాత్రమే.

అనంతపురం సీమలో ఇక్కడనే పొరపాటు జరుగుతుంది. లోతైన బోరుల నీటిలో లవణములు అధికము. అనేక గ్రామములలో ఫ్లోరైడు కూడా ఎక్కువే. బ్యాటరీలో ఇనుము చేరితే ఛార్జి తనంతట తానే తరిగిపోతుంది, క్లోరైడులు పలకలను తింటాయి. శుద్ధజల కేంద్రముల నుండి తెచ్చే త్రాగునీరు కూడా స్వేదన జలము కాదు. పలకలు పైకి తేలి ఎండితే ఆ బ్యాటరీ కోలుకొనదు. ఛార్జి అయ్యే బ్యాటరీ దగ్గర బీడీ, అగ్గిపుల్ల వెలిగించరాదు. అక్కడ చేరే ఉదజని ప్రేలుతుంది.

బ్యాటరీ తరచు దిగిపోతుంటే ఇంజను వేగంగా నడుస్తున్నప్పుడు దాని ఓల్టేజి కొలవవలెను. 12 ఓల్టుల బండిలో 14 దాకా, 6 ఓల్టుల బండిలో 7 దాకా పెరగవలెను. పెరగకుంటే లోపము బ్యాటరీలో కాదు, దానిని నింపే డైనమో, రెక్టిఫయరు లేక తీగలలో ఉన్నది. పాత బ్రిటిష్ బండ్లలో ధన ధ్రువము ఎర్తుకు కలిపి ఉండేది. బ్యాటరీని బిగించే ముందు దీనిని గమనించవలెను.

ఫ్యూజు పదేపదే కాలుతుంటే లావైన తీగ చుట్టడం కొందరికి అలవాటు. ట్యాంకు క్రింద రాచుకొని పొరపోయిన తీగ ఎక్కడనో లోహమును తాకుతున్నదని ఫ్యూజు హెచ్చరిస్తున్నది. ఆ హెచ్చరికను అణచివేస్తే కాలేది ఫ్యూజు కాదు, పెట్రోలు ప్రక్కనున్న తీగ.

తరగతిలో చేయదగిన ప్రయోగము

పాత ట్యూబులైటు చోకు, 6 ఓల్టుల బ్యాటరీ, ఒక నియాన్ దీపము, ఒక స్విచ్చి తీసుకొనవలెను. చోకు, స్విచ్చి, బ్యాటరీలను ఒక వలయముగా కలిపి, నియాన్ దీపమును చోకు రెండు కొనలకు తగిలించవలెను. నియాన్ వెలగడానికి డెబ్బది ఓల్టులకు పైగా కావలెను గనుక స్విచ్చి వేసినప్పుడు ఏమీ జరగదు. స్విచ్చి తీసిన క్షణంలో దీపము తళుక్కుమంటుంది. చేయునపుడు వట్టి తీగలను ముట్టుకొనరాదు. స్విచ్చికి బదులు తుప్పుపట్టిన మేకులను తాకించి తీస్తే ఏమవుతుందో, మేకులను గీకి శుభ్రము చేసిన తరువాత ఏమవుతుందో విద్యార్థులే పోల్చి చూచి, కారణమును ఓమ్ సూత్రముతో వివరించవచ్చును.