వార్తల్లో పదం: ఫిట్‌మెంట్

వేతన సవరణ (పీఆర్సీ) అనగానే సర్కారు బడి స్టాఫ్‌రూమ్‌లో మొదటి ప్రశ్న: ఫిట్‌మెంట్ ఎంత? పాత మూల వేతనంలో కరువు భత్యాన్ని (డీఏ) విలీనం చేశాక, అదే మూల వేతనంపై అదనంగా ఇచ్చే శాతమే ఫిట్‌మెంట్.

ఆంధ్రప్రదేశ్‌లో 2022 పీఆర్సీనే చూడండి. సెకండరీ గ్రేడ్ టీచరు పాత కనీస మూల వేతనం రూ.21,230. దానిపై డీఏ 30.392 శాతం, అంటే రూ.6,452. ఫిట్‌మెంట్ 23 శాతం, అంటే రూ.4,883. మొత్తం రూ.32,565, కొత్త స్కేలు రూ.32,670తో మొదలైంది. ఇందులో డీఏ ముందునుంచీ అందుతున్నదే. అసలు పెంపు ఫిట్‌మెంటే. అప్పటికే 27 శాతం మధ్యంతర భృతి తీసుకుంటున్నవాళ్లకు 23 శాతమంటే కోతలాగే అనిపించింది. ఆ ఆగ్రహం న్యాయమైనదే. పైగా 2018 జూలై నుంచి వర్తింపజేసిన ఈ స్కేళ్లకు నగదు ప్రయోజనం లెక్కించింది 2020 ఏప్రిల్ నుంచే.

కొత్త పీఆర్సీ ప్రకటిస్తే శాతంతోపాటు నగదు ప్రయోజనం ఏ తేదీ నుంచో కూడా అడగండి.