రూపాయల దండ వయసెంత?

పాత మెక్సికన్ వెండి నగలు సేకరించేవాళ్లు నగ చేతికి రాగానే దాన్ని వెనక్కి తిప్పి ముద్ర చూస్తారు. 1931లో విలియం స్ప్రాట్లింగ్ అనే అమెరికన్ టాస్కో ఊళ్లో కార్ఖానా పెట్టాక ఆ నగలకు ప్రపంచమంతా పేరొచ్చింది. 1948లో మొదలైన గద్ద ముద్ర, దానిలోని అంకె పనితనం ఎవరిదో వెతకడానికి ఆధారం. 925 అని ఉంటే, వెయ్యి పాళ్లలో 925 పాళ్లు వెండి.

ఒడిశాలోని కోరాపుట్, రాయగడ కొండల్లో గిరిజన స్త్రీలు వేసుకునే పాత రూపాయల దండకు అలాంటి ముద్ర ఉండదు. నాణెం మీది సంవత్సరమే దాని ముద్ర.

బ్రిటిష్ కాలపు రూపాయి బరువు ఒక తులం, అంటే 11.66 గ్రాములు. మన పెద్దవాళ్ల నోట ‘రూపాయెత్తు’ తూకమైంది అందుకే. 1835 నుంచి 1939 దాకా అందులో వెండి 91.7 శాతం, దాదాపు 10.7 గ్రాములు. యుద్ధకాలంలో, 1940లో ఆ వెండి 50 శాతానికి పడిపోయింది. బరువు మాత్రం మారలేదు. 1947 రూపాయి నికెల్‌ది. అందులో వెండే లేదు, అయస్కాంతానికి అతుక్కుంటుంది.

ఇప్పుడు ఇరవై రూపాయల దండ తూచండి. కొక్కేలు, దారం వదిలేస్తే 233 గ్రాములు. అన్నీ 1939 దాకా వచ్చినవైతే అసలు వెండి 214 గ్రాములు. ఆ తర్వాతి వెండి రూపాయలైతే 117 గ్రాములకు మించదు. తక్కెడకు ఈ తేడా తెలియదు.

వయసు లెక్క ఇంకా ఆసక్తికరం. దండలో అన్నిటికన్నా కొత్త నాణెం 1942దైతే, ఇప్పుడున్న రూపంలో ఆ దండ అంతకంటే పాతది కాదు. అయితే తల్లి దండకు కూతురు ఒక నాణెం చేర్చి ఉండొచ్చు. ఆ మాట ఇంటివాళ్లను అడిగితేనే తెలుస్తుంది. నాణేలు సేకరించేవాళ్లకు అతికించిన కొక్కెం ఒక లోపం. నా దృష్టిలో నగకు ప్రాణం ఆ కొక్కెమే: నాణేన్ని నగగా మార్చిన చెయ్యి జాడ అక్కడే ఉంది.

వయసు చట్టానికీ ముఖ్యమే: వందేళ్లు దాటిన నగ మన దేశపు 1972 పురావస్తువుల చట్టం ప్రకారం పురావస్తువు, దాన్ని సొంతంగా విదేశాలకు పంపకూడదు.

మీ ఇంట్లో ఇలాంటి దండ ఉంటే, కరిగించడానికి ఇచ్చే ముందు ఒక్కో నాణెం మీది సంవత్సరం కాగితం మీద రాసుకోండి. కరిగాక ఆ లెక్క ఏ తక్కెడా చెప్పలేదు.