వార్డు లెక్క వేరు, ఊరి లెక్క వేరు

2021 ఏప్రిల్, మే నెలల్లో వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి ఎలా ఉండేదో ఇక్కడివారికి కొత్తగా చెప్పక్కర్లేదు. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్, జనగామ నుంచి అంబులెన్సులు వస్తూనే ఉండేవి. మే 21న అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు కోవిడ్ వార్డులోకి వెళ్లి రోగులను పలకరించారు. ఆ రోజుల్లోనే ఊళ్లలో ఒక మాట నడిచింది: "రెండు డోసులు ఏసుకున్నాయన పోయిండు, సూది ముట్టనోడు మంచిగనే ఉన్నడు."

ఆ మాటను తేలిగ్గా కొట్టిపారేయకూడదు. అన్నవాళ్లు కళ్లారా చూసిందే అన్నారు. అయితే వాళ్లు చూసింది వార్డునూ, తమ వాకిలినీ. టీకా పనితనం తేలాలంటే ఆసుపత్రి ముఖం చూడకుండా ఇంట్లోనే కోలుకున్నవాళ్లనూ లెక్కలోకి తీసుకోవాలి.

అరవై దాటినవారు వెయ్యిమంది ఉన్నారనుకుందాం. 900 మంది టీకా వేయించుకున్నారు, 100 మంది వేయించుకోలేదు. టీకా లేకపోతే నూటికి పదిమంది ఆసుపత్రిలో చేరాల్సి వస్తుందని, టీకా ఆ పదిలో ఎనిమిదిమందిని కాపాడుతుందని అనుకుందాం. వేయించుకోనివారిలో 10 మంది, వేయించుకున్నవారిలో 18 మంది వార్డుకు వస్తారు. 28 మంచాల్లో 18 టీకా తీసుకున్నవారివే! చూసినవారికి టీకా ఉత్తదేననిపిస్తుంది. నిజానికి అది 72 మందిని ఆ వార్డు దాకా రాకుండా ఆపింది.

దీనికి వయసు కూడా తోడయింది. మార్చి 1న అరవై దాటినవారికి, 45 దాటి జబ్బులున్నవారికి టీకా మొదలైంది. ఏప్రిల్ 1 నుంచి 45 దాటిన అందరికీ ఇచ్చారు. మే 1న 18 ఏళ్లు నిండినవారికి అనుమతి వచ్చినా చాలినన్ని డోసులు లేవు. అంటే ఆ నెలల్లో టీకా పడినవారిలో ఎక్కువమంది కోవిడ్‌తో చనిపోయే ముప్పు ముందే ఎక్కువగా ఉన్న పెద్దలే. వాళ్లను టీకా అందని పాతికేళ్ల కుర్రాళ్లతో పోల్చడం న్యాయం కాదు.

ఇంగ్లండులో ఈ తేడా అంకెల్లోనే బయటపడింది. 2021 జూన్ 21 వరకు డెల్టా రకంతో అక్కడ నమోదైన 117 మరణాల్లో 50 రెండు డోసులు తీసుకున్నవారివి, 44 అసలు తీసుకోనివారివి. యాభై దాటినవారిని విడదీసి చూస్తే చిత్రం తిరగబడింది. వేయించుకోని 976 మంది రోగుల్లో 38 మంది, రెండు డోసులు తీసుకున్న 3,546 మందిలో 50 మంది మరణించారు. వెయ్యికి 39 ఒకవైపు, 14 మరోవైపు.

మన పొరుగునే ఇంతకన్నా శుభ్రమైన లెక్క ఉంది. తమిళనాడు పోలీసు శాఖలో 1,17,524 మంది సిబ్బందిలో ఎవరికి ఎన్ని డోసులు పడ్డాయో శాఖ దగ్గర నమోదై ఉంది. ఏప్రిల్ 13 నుంచి మే 14 వరకు, రెండో వేవ్ ఉధృతంగా ఉన్న నెలలో, వారిలో 31 మంది కోవిడ్‌తో చనిపోయారు. టీకా లేని 17,059 మందిలో 20 మంది, ఒక డోసు పడిన 32,792 మందిలో ఏడుగురు, రెండు డోసులు పడిన 67,673 మందిలో నలుగురు. లక్షకు 117, 21, 6 అన్నమాట. మరణం నుంచి ఒక డోసుతో 82 శాతం, రెండింటితో 95 శాతం రక్షణ దక్కింది. చనిపోయినవారి సంఖ్యతో పాటు మొత్తం సిబ్బంది సంఖ్య కూడా తెలియబట్టే ఈ లెక్క సాధ్యమైంది.

మరి టీకా తీసుకుని కూడా ఆసుపత్రి పాలైనవారి సంగతి? భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) వివిధ ఆసుపత్రుల రోగుల వివరాలు క్రోడీకరించి 2022 ఫిబ్రవరిలో, మూడో వేవ్ సమయంలో, చెప్పిన ప్రకారం ఆసుపత్రిలో చేరినవారిలో టీకా తీసుకోనివారు నూటికి సుమారు 22 మంది, తీసుకున్నవారు సుమారు 10 మంది మరణించారు. ఇది చూసి 'టీకా బలం సగమే' అనుకుంటే పొరపాటు. వార్డు గడప దగ్గరే టీకా ఒక వడపోత పోసేసింది. నూరుమంది రావలసిన చోట ఇరవైమందే వచ్చారనుకోండి, వారిలో పదో వంతు అంటే ఇద్దరు. టీకా లేకుంటే 22 మంది పోయేవారు. లోపలి నుంచి చూస్తే 55 శాతంగా కనిపించే రక్షణ, బయటి నుంచి లెక్కిస్తే 90 శాతం దాటుతుంది.

ఆ వడపోత దాటి వచ్చేవారు ఎవరు? కోవిడ్‌లో మొదటి వారం వైరస్‌ది. ఊపిరితిత్తులు వాచి రక్తంలో ఆక్సిజన్ స్థాయి (సాచురేషన్) పడిపోయేది ఎక్కువగా రెండో వారంలో. టీకా వల్ల సిద్ధంగా ఉన్న యాంటీబాడీలు, జ్ఞాపకశక్తి గల టి కణాలు మొదటి వారంలోనే వైరస్‌ను అణిచేస్తాయి కాబట్టి చాలామందికి ఆ రెండో వారపు గండం రాదు. కిడ్నీ జబ్బున్నవారు, ముదురు షుగరున్నవారు, బాగా వయసు మళ్లినవారిలో టీకా వేసినా ఈ స్పందన బలహీనంగానే పుడుతుంది. ఐసీఎంఆర్ లెక్కలోనూ అదే కనబడింది. టీకా తీసుకుని మరణించినవారిలో నూటికి సుమారు 91 మందికి, తీసుకోకుండా మరణించినవారిలో సుమారు 83 మందికి ముందే వేరే జబ్బులున్నాయి. ఇలాంటివారికి టీకా పడింది కదా అని ధీమాగా ఉండక, జ్వరం వచ్చిన రోజు నుంచే సాచురేషన్ చూసుకోవాలని నేను గట్టిగా చెబుతాను.

ఇంకొక చిక్కు తేదీలది. కేస్ షీట్‌లో 'టీకా వేసుకున్నారు' అన్న ఒక్క ముక్క చాలదు. సూది పడిన నాలుగో రోజున జ్వరం వచ్చినవారికి రక్షణ ఇంకా తయారై ఉండదు. అందుకే అధ్యయనాల్లో సాధారణంగా రెండు వారాలు గడిచాకే టీకా పడినట్టు లెక్కిస్తారు. పైగా కోవిషీల్డ్ టీకా డోసుల మధ్య గడువు 2021 మార్చిలో 6 నుంచి 8 వారాలకు, మే 13న 12 నుంచి 16 వారాలకు పెరిగింది. ఏప్రిల్‌లో మొదటి డోసు తీసుకున్న చాలామందిని రెండో వేవ్ ఒక్క డోసుతోనే పట్టుకుంది.

ప్రతి డోసు తేదీ టీకాల నమోదు పోర్టల్ కోవిన్‌లో ఉంది. పరీక్షల ఫలితాలు, మరణాల వివరాలు వేరే పోర్టళ్లలో ఉన్నాయి. వీటిని జతచేసి ఐసీఎంఆర్ 2021 సెప్టెంబరులో దేశం మొత్తానికి లెక్క తేల్చింది. మరణం నుంచి ఒక డోసుతో 96.6 శాతం, రెండింటితో 97.5 శాతం రక్షణ అని తేలింది. ఎంజీఎం కేస్ షీట్లలో వయసు, షుగరు, చేరిన తేదీ పక్కన డోసు తేదీలు కూడా చేర్చి మన జిల్లాల లెక్క విడిగా తీయడం కాకతీయ మెడికల్ కాలేజీ విద్యార్థులు ఇప్పటికైనా చేయదగ్గ పని.