పెరటి కోళ్ళలో పోరు – ఊడుతున్న ఈకలు

పెరట్లో నాలుగు కోళ్ళున్న ఇంట్లో గుడ్డు కోసం అంగడికి పరుగెత్తనక్కరలేదు. పిల్లల పుస్తకాలకు, అనుకోకుండా చుట్టం వచ్చిన పూట కూరకు అవే ఆదుకుంటాయి. అటువంటి కోళ్ళలో ఒకటి వీపంతా బోడియై, తోక దగ్గర నెత్తురు కారుతూ ఒక మూల నక్కి కూర్చుంటే ఇంటి ఇల్లాలి మనసు చివుక్కుమంటుంది. తోటి కోళ్ళే దాన్ని ఆ గతికి తెచ్చాయని తెలిస్తే ఇంకా బాధ కలుగుతుంది.

కొన్నేళ్ళ క్రిందట మా ఇంట్లో జరిగిన సంగతి చెబుతాను. మాకు ఆరు పెట్టలు, ఒక పుంజు ఉండేవి. సంతలో ముచ్చటపడి ఒక ఎర్రపెట్టను కొని, మధ్యాహ్నం వేళ తెచ్చి నేరుగా మిగతా వాటిలో వదిలాము. వదిలిన గడియ నుండి పాతవి దాన్ని తరమసాగాయి. “కొత్తది గదా, రెండు రోజుల్లో అవే కలిసిపోతాయిలే” అని ఊరుకున్నాము. మూడో నాటికి దాని తోక మొదట ఈకలు లేవు. నాలుగో నాడు తెల్లవారి గూటి తలుపు తీస్తే అది చచ్చి పడి ఉంది.

“ఎంత పాపిష్టి కోళ్ళు!” అన్నాను నేను. మా అమ్మ మాత్రం గూటి వైపు చూపించి, “వాటిని అని ఏం లాభం? నాలుగు కోళ్ళ గూట్లో ఎనిమిదింటిని కుక్కింది మనమే గదా!” అంది. ఆ మాట నిజం. కోళ్ళు పొడుచుకుంటున్నాయంటే వాటి స్వభావాన్ని తిట్టుకోవడం కంటె, మన పెంపకంలో ఏమి లోటు ఉన్నదో వెదకడం మేలు.

ఈకలు ఎక్కడ ఊడాయో చూడండి

ఈకలు పోయిన ప్రతి కోడీ పోరులో ఓడినది కాదు. గనుక ముందుగా కోడిని చేతిలోకి తీసుకొని, ఒళ్ళంతా నిదానంగా చూడండి. ఈక పోయిన చోటే చాలా వరకు కారణం చెబుతుంది.

ఏడాది దాటిన కోళ్ళు, పాము కుబుసం విడిచినట్లు, సాధారణంగా ఏడాదికొకసారి పాత ఈకలు రాల్చి కొత్తవి తొడుగుతాయి. పగటి పొద్దు తగ్గే రోజుల్లో ఇది ఎక్కువ. తల, మెడలతో మొదలై వీపు, రొమ్ము, రెక్కలు, తోక వరకు వరుసగా సాగుతుంది. రెండు మూడు నెలలు పట్టవచ్చు. ఆ రోజుల్లో పెట్ట గుడ్లు మానుతుంది. చర్మం మీద గాయం ఉండదు. ముళ్ళవంటి కొత్త మొలకలు కనిపిస్తాయి. ఇది జబ్బు కాదు. మంచి మేత వేస్తూ ఓపిక పట్టడమే వైద్యం.

పొదుగుకు కూర్చున్న పెట్ట రొమ్ము క్రింద ఈకలు పోతే కంగారు పడవద్దు. గుడ్లకు తన ఒంటి వేడి తగలాలని అదే పీక్కుంటుంది.

వీపు మీద, తల వెనుక మాత్రమే ఈకలు విరిగిపోయి ఉంటే అది పుంజు పని. ఎక్కేటప్పుడు ముక్కుతో తల వెనుక పట్టుకొని, గోళ్ళతో వీపు మీద నిలబడుతుంది. ఎనిమిది, పది పెట్టలకు ఒక పుంజు చాలు. ఐదు పెట్టల మీద రెండు పుంజులుంటే పెట్టల వీపులు మిగలవు. ఒకదాన్ని అమ్మివేయడమో, వేరుగా కట్టివేయడమో చేయాలి.

మలద్వారం చుట్టూ ఈకలు పలచబడి, ఈకల మొదళ్ళలో తెల్లని గుడ్లు గుత్తులుగా అంటుకొని ఉంటే పేలు పట్టినట్లు. కోడినల్లుల సంగతి వేరు. అవి పగలు గూటి పగుళ్ళలో దాక్కొని, రాత్రి వచ్చి రక్తం పీలుస్తాయి. పగలు ఎంత వెదికినా కోడి ఒంటి మీద కనబడకపోవచ్చు. రాత్రి టార్చిలైటుతో చూడండి. కోళ్ళు వాలే కర్ర అడుగున తెల్లగుడ్డతో తుడవండి. ఎర్రని మరకలు పడితే నల్లులున్నట్లే.

ఇక తోక మొదట, మలద్వారం పైన ఈకలు పోయి, తోలు మీద పొడిచిన గుర్తులు, నెత్తురు ఉంటే అదే తోటి కోళ్ళ పని.

ఎందుకు పొడుచుకుంటాయి?

కోళ్ళలో పెద్ద చిన్న అనే వరుస ఉంటుంది. నార్వే దేశస్థుడైన థార్లీఫ్ షెల్డెరప్-ఎబ్బె చిన్ననాటి నుండి కోళ్ళను గమనించి, 1922లో ఈ సంగతిని వివరంగా ప్రచురించాడు. అన్నిటికంటె పైనున్నది అన్నిటినీ పొడవగలదు. రెండవది మొదటిదాన్ని తప్ప మిగతావాటిని. ఇట్లా అడుగునున్న కోడి వరకు సాగుతుంది. వరుస ఒకసారి కుదిరితే, ఒక చిన్న పోటుతోనో, ఒక చూపుతోనో తగువు తీరిపోతుంది. అది సహజం. దానిలో మనం జోక్యం చేసుకోనక్కరలేదు.

ఓడిన కోడికి పారిపోయే చోటు లేనప్పుడే ఆ చిన్న పోటు పెద్ద గాయమవుతుంది. రాత్రి పడుకోవడానికి మాత్రమే గూడు వాడేటట్లయితే పెద్ద కోడి ఒక్కింటికి కనీసం 1 నుండి 2 చదరపు అడుగుల చోటు కావాలి. పంటలు పాడు చేస్తాయనో, కుక్కల భయంతోనో పగలంతా మూసి ఉంచేవారు 4 చదరపు అడుగులకు తగ్గకుండా ఇవ్వాలి. మేత పళ్ళెం, నీళ్ళ మూకుడు ఒక్కటే ఉంటే పై వరుస కోడి దాని దగ్గర కాపలా కాస్తుంది. కనుక రెండు మూడు చోట్ల, ఒకదానికొకటి కనబడకుండా పెట్టండి. ఒక పాత గంప, నిలబెట్టిన చాట, ఒక కొమ్మ అడ్డుగా ఉన్నా ఓడిన కోడికి ప్రాణం దక్కుతుంది.

మూసిపెట్టిన కోడికి పని లేకపోవడం మరొక కారణం. “కోడికి గజ్జెలు కడితే కుప్ప కుళ్ళగించదా?” అన్నారు పెద్దలు. కుళ్ళగించడం దాని పుట్టుక గుణం. కుళ్ళగించడానికి నేల లేకపోతే అది పక్కకోడి ఈకల మీద పడుతుంది. గూటి ముందు గడ్డి, పొట్టు పరచి గుప్పెడు గింజలు చల్లండి. తోటకూర కట్టో, మునగాకు రెమ్మో కోడి తల ఎత్తులో వేలాడగట్టండి. దాన్ని పీక్కుంటూ పొద్దు గడుపుతాయి.

మేతలో లోటు

ఈక పది పాళ్ళలో ఎనిమిది పాళ్ళకు పైగా మాంసకృత్తులే. గుడ్లు పెట్టే కోడి మేతలో మాంసకృత్తులు నూటికి 16 పాళ్ళయినా ఉండాలి. నూకలలో ఉండేది ఏడెనిమిది పాళ్ళే. వట్టి నూకలతో పెరిగే కోళ్ళు ఊడిన ఈకలను ఏరి తినడం, తరువాత పక్కకోడి ఈకలు పీకడం మొదలుపెడతాయి.

ఇంట్లోనే ఇట్లా కలుపుకోవచ్చు: నూకలు లేక మొక్కజొన్న రవ్వ 5 కిలోలు, తవుడు 2 కిలోలు, వేరుశనగ చెక్క 2 కిలోలు, ఉప్పు వేయని ఎండుచేపల పొడి అర కిలో, గుల్లల పొడి అర కిలో. పగలంతా బయట తిరిగి వచ్చే కోడికి సాయంత్రం గుప్పెడు చాలును. చెదలు, వానపాములు దొరికితే ఇంకా మంచిది. బూజు పట్టిన చెక్కను మాత్రం ఎన్నడూ వాడవద్దు. అది కోళ్ళకు విషం.

నెత్తురు కనబడితే ఆలస్యం చేయవద్దు

ఎరుపు రంగు కోళ్ళను ఆకర్షిస్తుంది. ఒకటి పొడిచిన గాయాన్ని చూచి మిగతావన్నీ వచ్చి పొడుస్తాయి. గనుక నెత్తురు కనబడిన కోడిని ఆ గడియలోనే వేరు చేయండి. కాచి చల్లార్చిన నీళ్ళలో కొంచెం ఉప్పు వేసి గాయం కడిగి, వేపనూనెలో పసుపు కలిపి పూయండి. ఆ పూత ఎరుపును కప్పుతుంది. చేదుకు ఇతర కోళ్ళు ముక్కు పెట్టవు. ఈగలు వాలి పురుగులు పడకుండా రోజూ చూడండి. గాయం లోతైనదైతే పశువుల ఆసుపత్రికి తీసుకొని వెళ్ళండి.

పీకిన చోట ఈక కొన్ని వారాల్లో మళ్ళీ వస్తుంది. కాని సగానికి విరిగిన ఈక తరువాతి ఈకలు రాలే కాలం వరకు అట్లే ఉంటుంది. కొత్త మొలకలలో నెత్తురు ఉంటుంది. వాటిని పొడిస్తే మళ్ళీ గాయమే. అందుచేత అవి విచ్చుకొనేదాకా కోడిని కాపాడాలి.

గాయం లేకుండా తరమడం మాత్రమే ఉంటే తన్నులు తినే కోడిని కాక, తన్నే కోడిని వేరు చేయండి. చాలామంది దీనికి వ్యతిరేకంగా చేస్తారు. బలహీనమైన దాన్ని తీసివేసి తిరిగి పెడితే అది మళ్ళీ కొత్తదవుతుంది, మళ్ళీ అడుగుకే పోతుంది. పొడిచేదాన్ని వారం రోజులు గంప క్రింద విడిగా ఉంచితే, లోపల వరుస మారిపోతుంది. తిరిగి వచ్చినప్పుడు దాని పొగరు చాలా వరకు తగ్గుతుంది. పందెపు జాతి అసీల్ కోళ్ళకు ఈ ఉపాయం పనికిరాదు. వాటిని మొదటి నుండి వేరుగానే పెంచాలి.

కొందరు ముక్కు కొన కత్తిరిస్తే చాలనుకుంటారు. పెరట్లో ఏరుకు తినే కోడికి ముక్కే బ్రతుకుతెరువు. ఆ పని చేయవద్దు.

పేలు, నల్లులు ఉంటే గూటి చెత్తంతా తీసి కాల్చి, పగుళ్ళలోకి దిగేటట్లు సున్నం కొట్టండి. గుడ్లు పొదిగి కొత్తవి వస్తాయి గనుక వారం, పది రోజులకు మళ్ళీ కొట్టాలి. ఒక మూల గుంటలో బూడిద, ఇసుక పోసి ఉంచితే కోళ్ళు పొర్లాడి ఒళ్ళు శుభ్రం చేసుకుంటాయి. పైరుకు కొట్టే మందు కోడికి పూయడం ప్రమాదం. మందు కావాలంటే పశువైద్యుణ్ణి అడగండి.

కొత్త కోడిని కలిపే విధం

సంతకోడిని ముందుగా రెండు మూడు వారాలు దూరంగా ఉంచండి. కొక్కెర తెగులు వంటివి ఉంటే ఆ లోపల బయటపడతాయి. తరువాత వారం, పది రోజులు తడికె అవతల, పాతవాటికి కనబడేటట్లు, అందకుండా ఉంచండి. ఆపైన ఒకనాటి రాత్రి చీకట్లో, అన్నీ పడుకున్నాక, మెల్లగా గూట్లో పెట్టండి. మరునాడు ఉదయం నాలుగు చోట్ల మేత చల్లి, కొంతసేపు అక్కడే ఉండి చూడండి. ఒంటరి కోడిని కాక, ఇంచుమించు ఒకే బరువున్న రెండింటిని కలిపి తెస్తే పోట్లు పంచుకుంటాయి. హైదరాబాదు రాజేంద్రనగర్ కోళ్ళ పరిశోధనాలయంలో రూపొందిన వనరాజ, గ్రామప్రియ పిల్లలను తెచ్చేవారు ఆరు వారాలు విడిగా పెంచి, ఆ తరువాతే పెరట్లోకి వదలాలి.

ఎర్రపెట్ట పోయిన మరుసటి ఏడాది మేము గూటిని రెండింతలు చేసి, రెండు పెట్టలను ఈ విధంగానే కలిపాము. రెండు రోజులు తరిమాయి, కొన్ని ఈకలు రాలాయి, అంతే. వారం తిరిగేసరికి ఏది పాతదో ఏది కొత్తదో పోల్చలేకపోయాము. ఈ రాత్రి గూటి తలుపు వేసే ముందు ఒక్క నిమిషం ఆగి, లోపల మూలకు నక్కినది ఏదైనా ఉన్నదేమో చూడండి.