మీకు తెలుసా? కుట్టు పడేంతసేపు ఆగే గుండె

ఊగే ఉయ్యాలలో ఉన్న పసిపాపకు కాటుక దిద్దాలంటే ఎంత కష్టమో తల్లులకు తెలుసు. గుండె కొట్టుకుంటూ ఉండగానే బైపాస్ చేసే సర్జన్ కష్టం అలాంటిదే. కాకపోతే అక్కడ చేతిలో ఉండేది సూది. కుట్టాల్సిన రక్తనాళం వెడల్పు ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్లు. దారం తలవెంట్రుకంత సన్నం. సూది దిగే ఆ కాసేపు గుండె కదలకుండా ఉండి, దారం లాగగానే మళ్లీ మొదలుపెడితే ఎంత బాగుణ్ను! ఈ కోరికను కోరికగానే వదిలేయకుండా చేసి చూసినవాళ్లున్నారు. ఒక నరానికి కరెంటిచ్చి గుండెను ఆపడం, గుండె కండరానికి కరెంటిచ్చి మళ్లీ నడపడం వాళ్ల పద్ధతి. దాని చుట్టూ ఉన్న విడ్డూరాలు కొన్ని చూద్దాం.

● గుండె నిమిషానికి 72 సార్లు కొట్టుకుంటుందని బడిలో చదువుకున్నాం. అది గుండె సొంత వేగం కాదు. దాని మానాన దాన్ని వదిలేస్తే నిమిషానికి 100 దాకా కొట్టుకుంటుంది. మెదడు అడుగు నుంచి మెడలోగుండా దిగివచ్చే వేగస్ నరం రాత్రీ పగలూ కళ్లెం లాగి పట్టుకోబట్టే 70 దగ్గర ఉంటోంది. గుండె మార్పిడి చేయించుకున్నవాళ్లలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. దాత నుంచి గుండెను తీసేటప్పుడు నరాలు తెగిపోతాయి కాబట్టి, కొత్త గుండె హాయిగా కూర్చున్నప్పుడు కూడా 90కీ 110కీ మధ్య కొట్టుకుంటుంది.

● వేగస్ అంటే లాటిన్‌లో దేశదిమ్మరి అని అర్థం. మెడలోంచి దిగి గుండె, ఊపిరితిత్తులు, జీర్ణాశయం, పేగులు అన్నీ చుట్టివస్తుంది కనుక ఆ పేరు సరిగ్గా సరిపోయింది. 1845లో జర్మనీకి చెందిన వేబర్ సోదరులు, ఎర్న్‌స్ట్, ఎడ్వర్డ్, ఈ నరానికి కరెంటు తగిలిస్తే గుండె ఆగిపోతుందని చూపించారు. అప్పటిదాకా నరాన్ని కదిలిస్తే అవయవం చురుకెత్తుతుందనే అందరూ నమ్మేవారు. కదిలిస్తే పని ఆగే నరం కూడా ఉంటుందని శాస్త్రానికి తెలియడం అదే మొదలు.

● కరెంటు నరంలో ప్రయాణించినా, గుండె దాకా వచ్చాక మాట్లాడేది కరెంటు కాదు, ఒక రసాయనం. దీన్ని రుజువు చేసే ప్రయోగం ఓటో లోయీకి కలలో తట్టింది. అర్ధరాత్రి లేచి కాగితం మీద ఏదో గిలికి పడుకున్నాడు. పొద్దున చూసుకుంటే తన రాత తనకే అర్థం కాలేదు. మర్నాటి రాత్రి అదే కల మళ్లీ వచ్చింది. ఈసారి రాత జోలికి పోకుండా తిన్నగా ప్రయోగశాలకు వెళ్లిపోయాడు. ఒక కప్ప గుండెను వేగస్ నరంతో నెమ్మదింపజేసి, ఆ గుండెను తడిపిన ద్రవాన్ని రెండో కప్ప గుండెకు పోశాడు. ఏ నరమూ తగలకుండానే రెండోదీ నెమ్మదించింది. 1921లో ప్రచురించిన ఈ పనికి 1936లో హెన్రీ డేల్‌తో కలిపి నోబెల్ వచ్చింది. ఆ రసాయనం పేరు అసిటైల్‌కోలిన్. రెండేళ్ల తర్వాత ఆస్ట్రియాను ఆక్రమించిన నాజీలు, యూదుడైన లోయీని జైల్లో పెట్టి, నోబెల్ సొమ్ము రాయించుకున్నాకే దేశం విడిచి వెళ్లనిచ్చారు.

● మరి వేగస్ నరానికి కరెంటు ఇస్తూనే ఉంటే గుండె ఆగే ఉంటుందా? ఉండదు. గుండె మొండిది. పై గదులు నోరు మూసుకున్నా, కాసేపటికి కింది గదులు తమంతట తామే కొట్టుకోవడం మొదలుపెడతాయి. కళ్లెం తప్పించుకోవడం అంటారు దీన్ని. ప్రాణం నిలవడానికి ప్రకృతి పెట్టిన ఏర్పాటు ఇది. సర్జన్‌కు మాత్రం చిక్కే. కుట్టు సగంలో ఉండగా గుండె ఎప్పుడు ఎగురుతుందో తెలియకపోతే, ఆగని గుండెకన్నా అదే ప్రమాదం.

● అమెరికాలోని అట్లాంటాలో, ఎమరీ విశ్వవిద్యాలయ సర్జన్ జాన్ పుస్కస్, ఆయన బృందం 1990ల చివర్లో ఈ మొండితనాన్ని లొంగదీసే పనిలో పడ్డారు. జంతువుల మీద ప్రయోగాల్లో ముందు మూడు మందులు ఇచ్చారు. పిరిడోస్టిగ్మిన్ అనేది అసిటైల్‌కోలిన్‌ను విరిచేసే ఎంజైమును అడ్డుకుంటుంది, కాబట్టి నరం పలికే ప్రతి మాటకూ బలం పెరుగుతుంది. ప్రొప్రనొలాల్, వెరాపమిల్ అనేవి కింది గదుల తిరుగుబాటును అణచిపెడతాయి. ఆ తర్వాత వేగస్‌కు కరెంటిస్తే గుండె మాట వింది. కుట్టు వేసుకోవడానికి సరిపడా ఆగింది, కరెంటు తీయగానే మళ్లీ కొట్టుకుంది. దీనికి వాళ్లు పెట్టిన పేరు తెలుగులో చెప్పాలంటే, అదుపులో ఉంచి విడతలు విడతలుగా ఆపడం.

ఇక్కడ మందులకో గుణం ఉంది. ఇచ్చాక వెనక్కి తీసుకోలేం. అణచిన గుండె కరెంటు తీశాక కూడా మందకొడిగా ఉండొచ్చు. కాబట్టి రెండో తీగ కావాలి. గుండె కండరానికి నేరుగా తగిలించిన ఆ పేసింగ్ తీగ, ఒక కుట్టుకూ మరో కుట్టుకూ మధ్య గుండెను కావలసిన వేగంతో కొట్టిస్తుంది. మెదడుకూ మూత్రపిండాలకూ రక్తం అందుతుంది, బీపీ కోలుకుంటుంది. తర్వాత పేసింగ్ ఆపి, నరానికి కరెంటు, ఇంకో కుట్టు. 2000 ప్రాంతంలో మెడ్‌ట్రానిక్ సంస్థ ఈ జంట యంత్రాలకు పేటెంట్లు కూడా తీసుకుంది. ఈ రెండూ వేర్వేరు పెట్టెల్లో వేర్వేరు మనుషుల చేతుల్లో ఉంటే, నరం ఆపమంటున్నప్పుడే పేసింగ్ కొట్టమనే ప్రమాదం ఉంది. ఒకటి మొదలైతే రెండోది దానంతటదే తప్పుకునేలా ఒక్క పెట్టెలో కట్టడమే ఇందులోని తెలివి.

ఇంత చక్కని ఆలోచన ఊరూరా ఆపరేషన్ థియేటర్లలోకి ఎందుకు రాలేదంటారా? నన్నడిగితే, అంతకన్నా మోటు పరికరం దీన్ని ఓడించింది. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో పుట్టిన ఆక్టోపస్ అనే పట్టుకారు, చిన్నచిన్న చూషకాలతో కుట్టాల్సిన చోటును మాత్రమే పీల్చి పట్టుకుంటుంది. గుండె మిగతా భాగం కొట్టుకుంటూనే ఉంటుంది. మందులు అక్కర్లేదు, నరం వెతకక్కర్లేదు.

● పైన చెప్పిన మెడ్‌ట్రానిక్ ఒక గ్యారేజీలో రిపేరు షాపుగా పుట్టింది. 1957 అక్టోబరు 31న మినియాపొలిస్‌లో కరెంటు పోయింది. గోడ ప్లగ్గుకు తగిలించిన పేస్‌మేకర్ల మీద ఆధారపడ్డ పిల్లలు అక్కడి విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో ఉన్నారు. బ్యాటరీతో నడిచేది కావాలని డాక్టర్ వాల్టన్ లిల్లెహై అడిగితే, ఆ షాపు నడిపే ఎర్ల్ బాకెన్ నాలుగు వారాల్లో తయారుచేసి ఇచ్చాడు. ఆ సర్క్యూట్‌ను ఆయన ఒక ఎలక్ట్రానిక్స్ పత్రికలో అచ్చయిన మెట్రోనోమ్ నమూనా నుంచి తీసుకున్నాడు. సంగీతం నేర్చుకునేవాళ్లకు తాళం తప్పకుండా టిక్కు టిక్కుమనే పరికరం అది. గుండెకూ కావలసింది తాళమే కదా.

● కొట్టించే యంత్రంతోనే గుండెను నిలబెట్టొచ్చు కూడా. ఛాతీ కోయకుండా తొడ రక్తనాళంలోంచి గుండె కవాటం మార్చే పద్ధతిని 2002 ఏప్రిల్ 16న ఫ్రాన్స్‌లోని రువాన్‌లో అలాన్ క్రిబియే తొలిసారి ఒక మనిషికి చేశారు. బెలూను ఉబ్బించి కవాటాన్ని కూర్చోబెట్టేటప్పుడు, ఎదురొచ్చే రక్తం ఉరవడికి అది జారిపోకూడదు. అందుకని చాలా చోట్ల ఆ కొన్ని సెకన్లు గుండెను నిమిషానికి 180 నుంచి 220 సార్లు కొట్టిస్తారు. అంత వేగంలో గుండె గదులు నిండడానికి తీరికుండదు, నిండనిది తోసేదేమీ ఉండదు. గుండె అదురుతూనే ఉంటుంది, బీపీ గీత మాత్రం పడిపోతుంది. కవాటం కూర్చోగానే పేసింగ్ ఆపేస్తారు. పరుగెత్తించి ఆపడమన్నమాట! హైదరాబాద్, విశాఖ క్యాథ్‌ల్యాబుల్లోనూ ఇది నడుస్తున్న పద్ధతే.

● మందుతో గుండెను కొద్ది సెకన్లు ఆపాలంటే డాక్టర్లు వాడేది అడినోసిన్. ఒంట్లోకి వెళ్లాక పది సెకన్లు తిరక్కుండానే అందులో సగం మాయమవుతుంది. మెదడులో ఉబ్బిన రక్తనాళానికి క్లిప్పు పెట్టేటప్పుడు కూడా దీన్ని వాడతారు. ఇందులో మన భాగమూ ఉంది. కండరాలకు శక్తినిచ్చే ఏటీపీ అణువులో ఉండేది ఈ అడినోసినే. ఆ ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి గుర్తించినవాడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనుక్కున్నాడు. అడినోసిన్ గుండెను నెమ్మదింపజేస్తుందని డ్రూరీ, సెంట్ గ్యోర్గీ అనే శాస్త్రవేత్తలు ప్రచురించిందీ అదే 1929లో.

● మెల్లకన్ను ఆపరేషన్‌లో కంటి కండరాన్ని కాస్త గట్టిగా లాగితే గుండె నెమ్మదిస్తుంది, ఒక్కోసారి ఆగుతుంది కూడా. కంటి నుంచి నరాల వెంట కబురు మెదడుకు వెళ్లి, వేగస్ దారిన గుండెకు దిగుతుంది. 1908లోనే ఆష్నర్, దాగ్నీని దీన్ని రాసిపెట్టారు. లాపరోస్కోపీకి పొట్టలో గ్యాస్ నింపినప్పుడూ ఇదే తంతు. ఇలాంటప్పుడు మత్తు డాక్టర్ మొదట చెప్పే మాట "ఒక్క నిమిషం ఆగండి". లాగడం మానితే చాలాసార్లు గుండె తనే కోలుకుంటుంది. లేకపోతే అట్రోపిన్ అనే మందు ఇస్తారు.

● ఆ అట్రోపిన్ మన పొలం గట్ల మీది ఉమ్మెత్తలోనూ ఉంటుంది. పురుగుల మందు ఒంట్లోకి పోయినవాళ్లకు పెద్దాసుపత్రి ఎమర్జెన్సీ వార్డులో ఎక్కించేదీ అదే. ఆర్గానోఫాస్ఫేట్ పురుగుల మందు అడ్డుకునే ఎంజైమునే అట్లాంటా ప్రయోగంలోని పిరిడోస్టిగ్మిన్ కూడా అడ్డుకుంటుంది. తేడా మోతాదులోనూ, పట్టు విడవడంలోనూ ఉంది. పిరిడోస్టిగ్మిన్ కొన్ని గంటల్లో వదిలేస్తుంది, పురుగుల మందు దానంతటది సులువుగా వదలదు.

● మూర్ఛలు మందులకు లొంగనివారికి మెడలో వేగస్ నరానికి చిన్న యంత్రం పెడతారు. అమెరికాలో 1997లో అనుమతి వచ్చింది. దాదాపు ఎప్పుడూ ఎడమ నరానికే పెడతారు. కుడివైపు నరానికి గుండె లయను పుట్టించే చోటు మీద పట్టు ఎక్కువ. ఎడమకే పెట్టినా, థియేటర్‌లో తొలిసారి కరెంటు పరీక్షించేటప్పుడు అరుదుగా గుండె కొన్ని సెకన్లు ఆగుతుంది. ఆ క్షణంలో అందరి కళ్లూ ఈసీజీ తెర మీదే.

● గుండెకు చికిత్స జరుగుతుండగా ఒక నరాన్ని కరెంటుతో పలకరించే పద్ధతి ఇంకో రూపంలో ఇప్పుడు మామూలైపోయింది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే లయతప్పిన దడకు, ఊపిరితిత్తుల నుంచి గుండెకు వచ్చే సిరల మూలాలను బెలూనుతో సున్నా కింద 40, 50 డిగ్రీలకు గడ్డకట్టిస్తారు. కుడివైపు సిర పక్కనే ఊపిరి కండరానికి వెళ్లే ఫ్రెనిక్ నరం ఉంటుంది. అదీ గడ్డకడితే ఊపిరి కష్టం. అందుకని పేసింగ్ తీగతో ఆ నరాన్ని అదే పనిగా కదిలిస్తూ, ఒకరు రోగి కుడి పక్కటెముకల కింద అరచెయ్యి వేసి ఉంచుతారు. ఎక్కిళ్లలా టకటకమనే ఆ కుదుపు బలహీనపడగానే "స్టాప్" అంటారు, చల్లదనం ఆగిపోతుంది. లక్షల రూపాయల యంత్రాలున్న గదిలో అప్పటికి అన్నిటికన్నా నమ్మకమైన పరికరం ఒక మనిషి చెయ్యి.

● యోగులు గుండెను ఆపుతారా? వెంగర్, బాగ్చీ అనే శాస్త్రవేత్తలతో కలిసి ఢిల్లీ ఎయిమ్స్‌కు చెందిన బి.కె. ఆనంద్ పరీక్షించి 1961లో ఫలితాలు ప్రకటించారు. ఊపిరి బిగబట్టి ఛాతీ కండరాలను నొక్కిపట్టినప్పుడు నాడి అందలేదు, స్టెతస్కోపుకు చప్పుడు వినబడలేదు. ఈసీజీలో మాత్రం గుండె కొట్టుకుంటూనే ఉంది. ఇలా బిగబట్టడమే ఒకరకం దడకు డాక్టర్లు చేయించే చికిత్స కూడా. అదే దడకు మెడలోని ధమనిని నొక్కే పద్ధతి మాత్రం డాక్టరు చెయ్యాల్సిందే, ఇంట్లో వద్దు.

● పేస్‌మేకర్ ఉన్నవాళ్లకు వేరే ఏదైనా ఆపరేషన్ చేసేటప్పుడు, రక్తం కారకుండా కాల్చే కాటరీ కరెంటును ఆ యంత్రం గుండె చప్పుడుగా పొరబడవచ్చు. గుండె బాగానే కొట్టుకుంటోందనుకుని తన పని మానేస్తుంది. అయస్కాంతం పైన పెడితే మామూలు పేస్‌మేకర్ సాధారణంగా దేన్నీ వినకుండా స్థిరమైన వేగంతో కొట్టించడం మొదలుపెడుతుంది. షాకిచ్చే ఐసీడీ యంత్రం అలా కాదు, అయస్కాంతానికి అది షాకులు మాత్రమే ఆపుతుంది. బయటికి రెండూ చర్మం కింద ఒకేలాంటి గడ్డలా కనిపిస్తాయి. అందుకే మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటి యంత్రం ఉంటే, పన్ను తీయించుకోవడానికి వెళ్లినా సరే, ఆసుపత్రివాళ్లు ఇచ్చిన ఆ చిన్న కార్డును జేబులో పెట్టి పంపండి.