జయంతి ఉద్యోగం ఏమైంది?

అద్దె నవలల షాపులు గుర్తున్నాయా? తొంభైల్లో మా తెనాలిలో రెండు వీధులకొకటి ఉండేది. డిపాజిట్ కట్టి, రోజుకింతని అద్దె ఇచ్చి పుస్తకం తెచ్చుకోవడం. దారంతో కుట్టిన అట్ట, మడతలు పడ్డ మూలలు, లోపల మనకంటే ముందు చదివినవాళ్ల అభిప్రాయాలు! 'హీరోకి పొగరెక్కువ', 'చివర ఏడిపించేసింది', 'ఈవిడ స్థానంలో నేనుంటే చెంప పగలగొట్టేదాన్ని' అంటూ పెన్సిల్‌తో రాసేసేవారు. షాపాయన ఎంత మొత్తుకున్నా ఆ రాతలు ఆగేవి కావు. నేనైతే నవల కంటే ముందు అవే చదివేదాన్ని. విమర్శకులు ఏమన్నారో మాకు తెలీదు గానీ, మా వీధి ఆడవాళ్లు ఏ పేజీలో ఎవర్ని తిట్టుకున్నారో మాత్రం బాగా తెలిసేది.

నవలలు చదివి ఆడపిల్లలు పాడైపోతున్నారని అప్పట్లో పెద్దవాళ్లు తెగ బాధపడేవారు. పెద్ద కారులో దిగే ఆరడుగుల అందగాడి కోసం ఎదురుచూస్తూ వచ్చిన సంబంధాలన్నీ కాదనేస్తారట! అలా కాదన్న పిల్లని ఒక్కదాన్నీ నేను చూడలేదు. మా వీధిలో నవలలు చదివినవాళ్లంతా గుమస్తాలనీ, మాస్టార్లనీ, ఎరువుల కొట్టువాళ్లనీ చేసుకుని శుభ్రంగా కాపురాలు చేసుకున్నారు. కారులో దిగేవాడు కథలోనే ఉంటాడన్న సంగతి పద్నాలుగేళ్ల పిల్లకి కూడా తెలుసు. తెలిసే చదువుతుంది.

నాకూ పద్నాలుగేళ్లప్పుడే యద్దనపూడి సులోచనారాణిగారి 'సెక్రటరీ' చేతికొచ్చింది. 1960ల్లో జ్యోతి మాసపత్రికలో సీరియల్‌గా వచ్చిన నవల. 1976లో అక్కినేని, వాణిశ్రీలతో సినిమాగా కూడా వచ్చింది. అప్పుడు నేను చదివింది రాజశేఖరాన్ని. అతను మాట్లాడని పేజీలన్నీ గబగబా తిప్పేశాను. మొన్న దసరా సెలవుల్లో మళ్లీ తీస్తే, ఈసారి రాజశేఖరం పేజీలు తిప్పేస్తున్నాను! కళ్లన్నీ జయంతి మీదే. బామ్మతో ఉంటూ, పొద్దున్నే తయారై ఉద్యోగానికి వెళ్లే పిల్ల. డబ్బున్నవాడు కదా అని తల వంచదు, మాటకి మాట అప్పజెబుతుంది. ఆడపిల్ల ఆఫీసుకెళ్తే వీధి వీధంతా గుమ్మాల్లో నిలబడి చూసే రోజుల్లో, కృష్ణా జిల్లా కాజ గ్రామంలో పుట్టిన రచయిత్రి తన నవలకి హీరో పేరు కాదు, హీరోయిన్ అందం కాదు, ఆమె చేసే ఉద్యోగం పేరు పెట్టారు. ఇన్నేళ్లూ ఆ అట్ట చూస్తూనే ఉన్నాం కదా, ఈ సంగతి మీకెప్పుడైనా తట్టిందా?

సరే, చివరికి ఇద్దరూ ఒకటవుతారు. మనకి సంతోషం. మరి ఆ ఉద్యోగం?

అమ్మని అడిగాను. ఆ తరంలో 'సెక్రటరీ'ని అమ్మకంటే ఎక్కువసార్లు చదివినవాళ్లు మా బంధువుల్లో లేరు. "మానేసే ఉంటుందిలేవే. మొగుడి ఆఫీసే కదా, జీతం ఎవరిస్తారు?" అంది చిక్కుడుకాయలు ఒలుస్తూ. ఆ మాట నాకు రెండు రోజులు బుర్రలో తిరుగుతూనే ఉంది.

ఇలాంటి కథే ఇంగ్లీషులో షార్లెట్ బ్రాంటీ 1847లో రాసింది, 'జేన్ ఐర్'. డిగ్రీలో ఉండగా చదివాను. దిక్కులేని పిల్ల, పిల్లలకి చదువు చెప్పే కొలువు, యజమాని గొప్పవాడు, కోపిష్ఠి. అదే సరంజామా. పెళ్లిపీటల దాకా వచ్చాక అతనికి భార్య బతికే ఉందని తెలిసి జేన్ వెళ్లిపోతుంది. పల్లెటూళ్లో బడి నడుపుతుంది. ఆ తర్వాత ఆమెకి మేనమామలాంటివాడు కాదు, సొంత బాబాయి ఆస్తి ఇరవై వేల పౌన్లు వస్తే బంధువులు ముగ్గురికీ సమానంగా పంచి, తన వంతు ఉంచుకుంటుంది. అప్పుడుగానీ అతని దగ్గరికి తిరిగి వెళ్లదు. కాలేజీలో ఆ ఆస్తి సంగతి నాకు మహా విసుగనిపించింది, ప్రేమకథ మధ్యలో ఈ లెక్కలేమిటని. ఇప్పుడు మాత్రం ఆ లెక్క రాసినందుకే ఆ రచయిత్రంటే గౌరవం. హీరోయిన్ని అతని గుమ్మం ఎక్కించే ముందు ఆమె చేతిలో సొంత డబ్బు పెట్టింది.

పెళ్లి తర్వాత సంగతులు మన తెలుగులో రాయలేదని కాదు. రంగనాయకమ్మగారి 'స్వీట్ హోమ్' మొగుడూపెళ్లాల కాపురాన్నే నవ్విస్తూ చెబుతుంది. పి. సత్యవతిగారి 'ఇల్లలకగానే' నవ్వించదు. ఇల్లు అలుక్కుంటూ అలుక్కుంటూ తన పేరే మర్చిపోయిన ఇల్లాలి కథ అది. చదివిన రాత్రి లేచి నా డిగ్రీ సర్టిఫికెట్ ఎక్కడుందా అని వెతికాను. బీరువాలో పట్టుచీరల కింద, ఇంటిపన్ను రసీదులతో కలిసి ఉంది. మావారు నిద్రలోనే "ఏమిటి పోయింది?" అన్నారు. ఏం చెప్పను?

పెళ్లికి ముందు ఓ ప్రైవేటు స్కూల్లో ఏడాదిన్నర పాఠాలు చెప్పాను. సంబంధం కుదిరిన వారమే రాజీనామా ఇచ్చాను. మానమని ఎవరూ అనలేదు. ఉంచుకోమనీ ఎవరూ అనలేదు. అది మాట్లాడుకోవలసిన విషయమని ఎవరికీ అనిపించలేదు, అంతే.

అలాగని యద్దనపూడిగారి నవలల్ని అటకెక్కించానా అంటే, అబ్బే! జ్వరమొచ్చిన రోజు నాకు 'ఇల్లలకగానే' వద్దు, 'మీనా' కావాలి. ఆస్తీ అంతస్తూ పక్కనపెట్టి పల్లెటూళ్లో సారథి మీద మనసు పడ్డ మీనా కావాలి. ఆ నవలని 1973లో విజయనిర్మల సినిమాగా తీశారు. 2016లో 'అ ఆ' వచ్చినప్పుడు మా ఇంట్లో అమ్మ మొదటి అరగంటలోనే "ఇది మన మీనాయే" అని పట్టేసింది. రచయిత్రి 2018లో వెళ్లిపోయారు. ఆ వార్త విన్న రోజు అమ్మ మధ్యాహ్నం అన్నం తినలేదు. ఇంట్లో దగ్గరి మనిషి పోయినట్టే కూర్చుంది.

ఇదంతా ఇప్పుడెందుకు తవ్వుతున్నానంటే, మా అక్క కూతురికి సంబంధాలు చూస్తున్నారు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మొదట వచ్చిన సంబంధం వాళ్లు అన్నీ నచ్చాయన్నారు. చివర్లో మాత్రం, "మావాడి జీతం చాలు కదండీ, అమ్మాయి కష్టపడటం ఎందుకు?" అన్నారు, ఎంతో ప్రేమగానే. పిల్ల ఒప్పుకోలేదు. మా అక్క వారం రోజులు దానితో మాట్లాడలేదు. మా అక్క కూడా 'సెక్రటరీ' చదివిన మనిషే!

"పిన్నీ, నీ నవలల్లో హీరోలు ఈ సంగతి అసలెత్తరేంటి?" అని అడిగింది పిల్ల. వాళ్లకి ఎత్తాల్సిన అవసరం రాలేదు, ఆలోపే పేజీలు అయిపోయేవి అన్నాను.

ఇప్పుడు రెండో సంబంధం మాటల్లో ఉంది. నిన్న అమ్మ ఫోన్ చేసి కట్నాల సంగతీ, ముహూర్తాల సంగతీ అయ్యాక గొంతు తగ్గించి, "ఆ అబ్బాయిని ఉద్యోగం సంగతి ముందే అడగమని మీ అక్కతో చెప్పు. నేను చెబితే వినదు" అంది.