విభక్తిలో దాగిన చెయ్యి

చండ్రుగొండ చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరినైనా దారి అడిగి చూడండి. ‘బడి వెనక, చెరువు పక్కన, రెండు చింతల నడుమ...’ అంటూ చెప్పేస్తారు. విన్నవారికి దారి తెలిసిపోతుంది. ఆ మాటల్లో మనిషి ఒళ్ళే ఉందన్న సంగతి మాత్రం ఇద్దరికీ తట్టదు!

వెనక అన్నది వెన్నుకి చుట్టం. నడుమ, నడుము ఒకే కుదురులోవి. పాదమనే అర్థమున్న అడుగే ‘బిందె అడుగున’ అన్నప్పుడు కిందిభాగమైంది. ఇక పక్క... ఒంటికీ ఉంది, ఇంటికీ ఉంది.

అన్నిటికన్నా విచిత్రం ‘చేత’. ‘చేత, చే, తోడ, తో’ అని బడిపిల్లలు వల్లెవేసే తృతీయా విభక్తిలో ఉన్నది మన చెయ్యే. ‘చేత కర్ర పట్టుకుని నడిచాడు’ అంటే చెయ్యి కళ్ళకు కనిపిస్తుంది. ‘మనవడి చేత ఉత్తరం రాయించింది’ అంటే సగమే కనిపిస్తుంది. ‘ఎండల చేత చేను మాడింది’... ఎండకి చెయ్యెక్కడిది? ‘అందుచేత’లోనైతే బొత్తిగా మాయం! వాడగా వాడగా అవయవం అరిగిపోయి వ్యాకరణం మిగిలిందన్నమాట.

అలాగని ప్రతి మాటకీ అవయవం అంటగట్టకూడదు. ‘నీకంటే పెద్ద’లో ఉన్నది కన్ను కాదు, చూడటమనే అర్థమిచ్చే ‘కను’ క్రియ అంటారు.

ఈ తీరు మనదొక్కటే కాదు. ఆఫ్రికాలోని సెనెగల్‌లో మాట్లాడే వొలోఫ్ భాషలో ‘బీర్’ అంటే పొట్ట. ‘లోపల’ అనడానికీ అదే మాట. ‘గిన్నావ్’ అంటే వీపు, వెనక కూడా. ‘కనమ్’ అంటే ముఖం, ఎదుట కూడా. ‘నన్ను నేను’ అనాలంటే ‘నా తల’ అంటారు! ఏ దేశపు మనిషికైనా ఎప్పుడూ వెంట ఉండే కొలబద్ద తన ఒళ్ళే కదా మరి.

చండ్రుగొండ ప్రాంతం కోయల సీమ. 2011 జనాభా లెక్కల్లో కోయను మాతృభాషగా చెప్పినవారు నాలుగు లక్షల పైచిలుకు. గోదావరి తీరపు గొమ్ము కోయల భాషకు స్టీఫెన్ టైలర్ రాసిన వ్యాకరణం 1969లో వెలువడింది. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గిరిజన పిల్లలకు సొంత భాషలో చదువు మొదలుపెట్టినప్పుడు అందులో కోయకూ చోటు దక్కింది. అయినా ఇంట్లో కోయ మాట్లాడే పసివాడికి తెలుగు విభక్తుల పట్టిక కొత్తే. దాన్ని బట్టీ పట్టించే ముందు, ‘మీ ఇంట్లో వీపుని ఏమంటారు? వెనకని ఏమంటారు?’ అని అడిగితే చాలు. తన మాటకీ ఓ వ్యాకరణం ఉందని వాడికి తెలుస్తుంది. పలకమీది పాఠం కాస్తా సొంత ఒంటి మీదికి వస్తుంది!